అర్జునుడు కోరిన సౌమ్యరూపం

గీతలో పదకొండో అధ్యాయాన్ని అందరం విశ్వరూపం కోసం చదువుతాం. వేయి సూర్యులు ఒక్కసారి పొడిచినంత వెలుగు, లెక్కకు అందని ముఖాలు, ఆ నోళ్లలోకి పరుగులు తీసే యోధులు. చదివిన ప్రతిసారీ నన్ను ఆపేది ఆ వర్ణన కాదు, అంతా చూశాక అర్జునుడు అడిగిన వరం. దేవతలు సైతం చూడాలని తపించే రూపం కళ్లెదుట నిలిచినా, ఇంకాసేపు చూస్తానని అతను అనలేదు. దిక్కు తెలియడం లేదన్నాడు. మనసు నిలవడం లేదన్నాడు. ఎప్పటిలా కనబడమని చేతులు జోడించాడు.

ఆ వేడుకోలుకు ముందు ఒక క్షమాపణ ఉంది. దాన్ని నెమ్మదిగా చదవాలి. కృష్ణుణ్ణి చనువుకొద్దీ పేరుపెట్టి పిలిచినందుకు, సఖా అన్నందుకు అర్జునుడు మన్నింపు కోరతాడు. ఎక్కడెక్కడ అలా చనువు తీసుకున్నాడో కూడా చెబుతాడు: విహరించేటప్పుడు, పడక మీద, కూర్చున్నచోట, భోజనం దగ్గర. ఒంటరిగా ఉన్నప్పుడూ, నలుగురి ముందూ. తప్పుల పట్టికలా చెప్పాడు గానీ అది వాళ్ల స్నేహానికి చిరునామా. ఆ స్నేహం కలిసి నడిచిన దారుల్లో, ఒకే పంక్తిలో తిన్న అన్నంలో పెరిగింది. కృష్ణుడు ఆ చనువును తప్పుపట్టలేదు. భయపడకు అని మళ్లీ మనిషి రూపంలోకి వచ్చాడు. ఆ సౌమ్యరూపం చూశాకే అర్జునుడి ప్రాణం కుదుటపడింది.

దీని అంతరార్థం నాకు ఇలా తోస్తుంది. సర్వాన్నీ ఒకేచోట చూడగలగడం గొప్ప దర్శనం కావచ్చు, అందులో స్నేహానికి మాత్రం చోటు లేదు. స్నేహానికి ఒక్క ముఖం కావాలి. ఆ ముఖం మనవైపు తిరిగి ఉండాలి.

ఇప్పుడు మన అరచేతిలో ఉన్నది కూడా ఒక రకం విశ్వరూపమే. పొద్దున్నే ఫోను తెరిస్తే మేనకోడలి బిడ్డ బారసాల ఫొటో. దాని కింద ఎక్కడో యుద్ధంలో కూలిన ఆసుపత్రి. దాని కింద పదో తరగతిలో పక్కన కూర్చున్నవాడి తండ్రి పోయిన కబురు. ఆ వెంటనే పట్టుచీరల ప్రకటన. పుట్టుక, చావు, సంత అన్నీ ఒకే తెర మీద, ఒకే కొలతలో. బొటనవేలు ఒక్కోదానికి ఇచ్చేది రెండు క్షణాలు. అర్జునుడికి ఆ దృశ్యం చూపించే ముందు కృష్ణుడు దివ్యచక్షువు ఇచ్చాడు. మామూలు కళ్లతో చూడలేవని ముందే చెప్పాడు. అయినా అర్జునుడు వణికిపోయాడు. మనకు దివ్యచక్షువు ఎవరూ ఇవ్వలేదు. అదే మామూలు కళ్లతో రోజుకు ఇన్నిసార్లు చూస్తున్నాం. బారసాలకు ఆనందం పూర్తిగా రాదు, చావుకు దుఃఖమూ పూర్తిగా రాదు. మనసు మొద్దుబారిందని మనల్ని మనం నిందించుకుంటాం. మొద్దుబారడం కాదది, మోయలేని బరువు కింద కుంగడం.

మనిషి మనసుకు ఇంత అని ఒక చోటు ఉంటుంది. రాబిన్ డన్‌బార్ అనే బ్రిటన్ మానవశాస్త్రవేత్త 1992లో ఒక అంచనా వేశాడు. మనిషి నిజంగా తెలిసిన బంధాలుగా నిలుపుకోగలిగేది దాదాపు 150 మందిని. వారిలో కష్టంలో ఆనుకోగలిగిన లోపలి వలయం అయిదుగురని తర్వాత చెప్పాడు. అంకెలమీద పండితులు వాదించుకోనీ, మన పెద్దలకు ఈ సంగతి అనుభవంలో తెలుసు. ఊరంతా పలకరించేవాళ్లే అయినా, అర్ధరాత్రి తలుపు తట్టగలిగిన ఇళ్లు ఏ మనిషికైనా నాలుగైదే. ఇప్పుడు ఒక్క వాట్సాప్ గ్రూపులోనే వెయ్యిమందికి పైగా పడతారు. లోపలి వలయం పెరగలేదు. పెరిగిందల్లా పలకరింపులే, వాటికి బదులిచ్చే పనే.

జపమాలలో 108 పూసలు దాటాక మేరువు వస్తుంది. తిప్పుతున్న వేలు అక్కడ ఆగాలి. మేరువును దాటకూడదు, మాలను వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాలి. చిన్నప్పుడు అదొక నియమంలా మాత్రమే కనబడేది. ఆగిన ఆ ఒక్క క్షణంలో సాధకుడు తనను తాను చూసుకుంటాడు, ఇంకో మాల చేయాలా, లేవాలా అని తానే నిర్ణయించుకుంటాడు. అది లేకపోతే చేయి తిరుగుతూ ఉంటుంది, మనసు ఎక్కడో ఉంటుంది. ఒకప్పుడు ఇంటర్నెట్ పేజీకీ చివర ఉండేది, తర్వాతి పేజీ కావాలంటే నొక్కాల్సి వచ్చేది. 2006లో ఎజా రాస్కిన్ అనే రూపకర్త ఆ చివర లేకుండా కిందికి జరుగుతూనే ఉండే పద్ధతి తెచ్చాడు. తర్వాత దాన్ని తలచుకుని తానే బహిరంగంగా బాధపడ్డాడు. మేరువు లేని మాల మన చేతికి వచ్చింది. ఎంత తిప్పినా లెక్క పూర్తికాదు, ఎందుకు తిప్పుతున్నామో అడిగే చోటూ రాదు.

ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద వాలిన రెండు పక్షులున్నాయి. రెండూ విడిపోని సఖులు. ఒకటి పండ్లు తింటూ ఉంటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. తినేది జీవుడని, చూసేది పరమాత్మ అని పెద్దలు చెబుతారు. తినే పక్షి శోకంలో మునిగి, ఎప్పుడో తలెత్తి పక్కనున్న సఖుణ్ణి చూస్తుంది. చూడగానే శోకం తొలగిపోతుంది. ఈ మంత్రాలను వేదాంత పాఠంలో వినేవాళ్లం స్నేహం వైపు నుంచి ఒకసారి వినాలి. రెండో పక్షి ఏమీ చేయదు. పండు లాక్కోదు, తినొద్దని అనదు, ఎగిరిపోదు. అది కన్ను మరల్చదు, అంతే. ఉపనిషత్తు సఖుడన్నది అలాంటివాణ్ణి.

ఆ చూపును తెర మీది చూపు పక్కన పెట్టి చూద్దాం. 2009లో ఫేస్‌బుక్ లైక్ మీట వచ్చింది. అంతకుముందు ఒకరు ఫొటో పెడితే నచ్చినవాళ్లు రెండు ముక్కలు రాయాలి, రాయాలంటే ఆ మనిషి గురించి ఒక్క క్షణం ఆలోచించాలి. మీట వచ్చాక చూపుకే లెక్క వచ్చింది. లెక్క వచ్చాక చూపు తినే పండు అయిపోయింది. యాత్రకు వెళ్తే గోపురం వైపు తిరగాల్సిన ముఖం గోపురానికి వీపు పెట్టి నిలబడుతోంది. ఇది పిల్లలకు పట్టిన జబ్బు అని పెద్దలు అనుకోనక్కర్లేదు. మనవడి ఫొటోకు ఎందరు స్పందించారో రాత్రి పడుకోబోయే ముందు చూసుకునే తాతలూ ఉన్నారు. అలా తినే పక్షికీ, చూసే పక్షికీ తేడా చెరిగిపోయింది. మిత్రులం ఒకరినొకరు చూసుకుంటున్నామని అనుకుంటున్నాం, ఒకరి చూపును ఒకరం తింటున్నాం. తిన్నకొద్దీ ఆకలి పెరుగుతోంది. శోకం తీర్చవలసిన చూపు శోకాన్నే పెంచుతోంది.

కుచేలుడు ద్వారకకు వెళ్లిన కథ తెలియని తెలుగువాడు ఉండడు. పోతన భాగవతం దశమస్కంధంలో ఆ ఘట్టాన్ని చదివితే, ఐశ్వర్యం వచ్చిన సంగతి కథలో చివరిదీ, చిన్నదీ అని తెలుస్తుంది. అసలు కథ చూపులో ఉంది. రుక్మిణితో తల్పం మీద ఉన్న కృష్ణుడు, అల్లంత దూరాన చిరిగిన బట్టతో వస్తున్న బక్కచిక్కిన బ్రాహ్మణుణ్ణి చూసి గుర్తుపడతాడు. ఎన్ని ఏళ్లు గడిచాయో, ఆ శరీరం ఎంత మారిందో! చూసీ చూడగానే దిగి ఎదురువెళ్లి కౌగిలించుకుంటాడు. తానే కాళ్లు కడుగుతాడు. రాణి చామరం వీస్తుంటే అంతఃపురం ఆశ్చర్యపోతుంది. ఆ తర్వాత కృష్ణుడు ఎత్తిన మాట ఏమిటి? కుశలం అడిగి, సాందీపని ఆశ్రమంలో కలిసి చదువుకున్న నాటి ఒక రాత్రిని గుర్తుచేస్తాడు. గురుపత్ని కట్టెలకు పంపితే ఇద్దరూ అడవికి వెళ్లారు. అకాలంగా గాలివాన కమ్మింది, పొద్దు కూకింది, మిట్టాపల్లం తెలియని చీకటిలో ఒకరి చేయి ఒకరు పట్టుకుని తెల్లవార్లూ తిరిగారు. తెల్లవారాక గురువే వెతుక్కుంటూ వచ్చాడు.

జగన్నాథుడి జ్ఞాపకంలో స్నేహానికి గుర్తుగా మిగిలింది ఆ రాత్రి. ఆ రాత్రి వాళ్లు ఒకరికొకరు కనబడలేదు కూడా. దాన్ని చూసినవాళ్లు లేరు, మెచ్చుకున్నవాళ్లు లేరు. పట్టుకున్న చేయి ఉంది. మన బంధాల్లో ఏవి నిలుస్తాయో తెలుసుకోవడానికి ఇంతకు మించిన గురుతు నాకు దొరకలేదు. సాక్షి లేని కష్టంలో పక్కన ఎవరున్నారు, ఎవరి పక్కన మనం ఉన్నాం అన్నదే అది.

ఇక అటుకులు. భార్య చిరుగుబట్ట కొంగున ముడివేసి పంపిన పిడికెడు అటుకులను కుచేలుడు ఆ వైభవం చూశాక సిగ్గుపడి దాచుకున్నాడు. కృష్ణుడే అడిగి, ముడి విప్పి, నోట వేసుకున్నాడు. మనం లోకానికి చూపించేవి వేరు, చూపించలేక దాచుకునేవి వేరు. తెర మీద పెట్టేవన్నీ మొదటి రకం. రెండో రకాన్ని, ఆ చిరుగుకొంగు ముడిని, ఎవరూ పోస్టు చేయరు, చేయనక్కర్లేదు కూడా. దాన్ని కనిపెట్టడానికి ఎదురుగా కూర్చున్న కళ్లు కావాలి. నేను బాగానే ఉన్నానని అక్షరాల్లో రాస్తే నమ్మక తప్పదు. గొంతులో విన్నా, ముఖంలో చూసినా స్నేహితుడు నమ్మడు.

చావు కబురు వచ్చినప్పుడు గ్రూపుల్లో ఓం శాంతి అని వరస కడుతుంది. దాన్ని తేలిక చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు రాత్రి నిద్రపట్టక ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదువుకుంటాడు, ఇంతమంది తలచుకున్నారని కొంత ఊరట పొందుతాడు. అయితే మన పరామర్శ ఆచారంలో ఉన్న ఒక గుణం అక్కడికి చేరదు. చావింటికి వెళ్లినవాళ్లు ఎక్కువ మాట్లాడరు. అరుగు మీద, లేదా చాప మీద కాసేపు కూర్చుంటారు. లేచేటప్పుడు వెళ్లొస్తానని కూడా అనరు, అలాగే లేచి వెళ్లిపోతారు. ఆ ఇంటివాళ్లకు ఏళ్ల తర్వాత కూడా ఎవరెవరు వచ్చి కూర్చున్నారో గుర్తుంటుంది. ఏమన్నారో గుర్తుండదు, ఎందుకంటే ఏమీ అనలేదు. గ్రూపులో మౌనంగా ఉంటే లేనట్టు లెక్క. అరుగు మీద మౌనంగా ఉండటమే ఉండటం. రెండో పక్షి చేసేదీ అదే.

అలాగని దూరాన ఉన్న స్నేహం స్నేహం కాదని అనలేం. భాగవతమే ఆ మాట అననివ్వదు. మధురకు వెళ్లిన కృష్ణుడు వ్రేపల్లెకు తిరిగి రాలేదు, ఉద్ధవుడితో సందేశం పంపాడు. తాను ఆత్మరూపంగా ఎప్పుడూ మీలోనే ఉన్నానన్నది దాని సారం. చెప్పి రావడానికి ఎంతసేపు కావాలి! ఉద్ధవుడు మాత్రం అక్కడ కొన్ని నెలలు ఉండిపోయాడు. గోపికల మాటలు విన్నాడు, తుమ్మెదతో వాళ్లు ఆడిన నిష్ఠూరాలు విన్నాడు, యమునా తీరాన వాళ్లు చూపించిన చోట్లన్నీ చూశాడు. జ్ఞానం చెప్పడానికి వచ్చినవాడు, వాళ్ల పాదధూళి సోకే గడ్డిపోచగానో తీగగానో బృందావనంలో పుడితే చాలనుకున్నాడు. సందేశం కన్నా సందేశం తెచ్చినవాడు అక్కడ నిలవడం వల్ల గోపికల దుఃఖం ఉపశమించింది. కబురు చేరవేయడం వేరు, కబురుతో పాటు మనం చేరడం వేరు. ఫోనులో పంపే మాటకూ ఈ రెండు దారులూ ఉన్నాయి.

2021 వేసవిలో కరోనా రెండో అల తాకినప్పుడు ఈ రెండో దారిని మనం చూశాం. ఆక్సిజన్ సిలిండరు ఎక్కడుంది, ఏ ఆసుపత్రిలో పడక ఖాళీ అయింది అని ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు రాత్రంతా ఫోన్లు చేసి, నిజమో కాదో కనుక్కుని, ఆ వివరాలు పెట్టారు. అప్పుడు కూడా ఉన్నది అదే ఫేస్‌బుక్, అదే ట్విటర్, అదే వాట్సాప్. పెట్టిన మాటకు పెట్టినవాడు పూచీ పడ్డాడు, అదే తేడా.

తిరుక్కోట్టియూరులో రామానుజులు చేసిన పని ఇక్కడ గుర్తుకొస్తుంది. పద్దెనిమిదిసార్లు తిరిగి గురువు దగ్గర మంత్రార్థం పొందారు. ఎవరికైనా చెబితే నరకమని గురువు హెచ్చరించారు. రామానుజులు గోపురమెక్కి అందరికీ వినబడేలా చెప్పేశారు. ఇంతమంది తరిస్తే తానొక్కడు నరకానికి పోయినా ఫరవాలేదన్నారని సంప్రదాయం చెబుతుంది. ఆ పంచడంలో ఒక మనిషి తన గతిని పణంగా పెట్టాడు. మనం రోజూ పంచే సూక్తులకు, దేవుడి బొమ్మలకు, తెలియని వైద్యాలకు, పరాయి మతం మీద కోపం రేపే కథలకు ఏం పణం పెడుతున్నాం? పదిమందికీ పంపే ముందు దీనికి నాది పూచీ అని అనుకోగలిగితే, సగం మాటలు వేలిదగ్గరే ఆగిపోతాయి. మిగిలిన సగం దానమవుతాయి.

లాక్‌డౌన్ నాటి నుంచి ఆన్‌లైన్ పారాయణ బృందాలు చాలా ఏర్పడ్డాయి. విష్ణుసహస్రనామం, లలితాసహస్రనామం, గీత. డల్లాస్‌లో ఉన్న కోడలు, విజయవాడలో ఉన్న అత్తగారు, మోకాళ్ల నొప్పులతో గుడి మెట్లు ఎక్కలేని పెద్దావిడ ఒకే వేళకు కూర్చుంటారు. ఇది చిన్న భాగ్యం కాదు. ఆ పారాయణంలో పాల్గొన్నవాళ్లందరికీ ఒక సంగతి మొదటి రోజే తెలుస్తుంది. అందరూ ఒకేసారి చదివితే కుదరదు. ఒక గొంతు ఇంకో గొంతును సెకనులో చిన్న భాగం ఆలస్యంగా చేరుతుంది, శ్లోకం ముక్కలైపోతుంది. అందుకని ఒకరే పైకి చదువుతారు, తక్కినవాళ్లు మ్యూట్‌లో ఉండి ఎవరింట్లో వాళ్లు చదువుకుంటారు. తెర మీద అందరి పెదవులూ కదులుతుంటాయి. వినబడేది ఒక్కరే. పెద్దావిడ తన గొంతు తనే వింటూ నామాలు చెప్పుకుంటుంది.

ఏకాహ భజన తెలిసినవాళ్లకు అక్కడ ఏం లోపించిందో అర్థమవుతుంది. ఊళ్లో ఏకాహమంటే ఒక పగలూ ఒక రాత్రీ నామం తెగకూడదు, నడుమనున్న దీపం ఆరకూడదు. ఒక జట్టు అలిసిపోకముందే ఇంకో జట్టు వచ్చి తాళాలు అందుకుని, పాట మధ్యలోనే గొంతు కలుపుతుంది. తెల్లవారుజామున మూడింటికి చూసేవాళ్లు ఉండరు, వరండాలో అందరూ నిద్రలో ఉంటారు, దీపం చుట్టూ నలుగురైదుగురు తిరుగుతుంటారు. పక్కవాడి ఊపిరి ఎక్కడ అందడం లేదో విని, అక్కడ మనం ఎత్తుకోవాలి. నామం అఖండంగా సాగేది ఎవరో ఒక్కరు గొప్పగా పాడటం వల్ల కాదు, ఒకరి ఊపిరి తగ్గేచోట ఇంకొకరు అందుకోవడం వల్ల. దేవుడి పేరుతో మనుషులకు ఆ అందుకోవడం నేర్పిన బడి అది. సముదాయం అన్నది అక్కడ తయారవుతుంది.

అందుకుని నిలబడే శక్తి ఎక్కడినుంచి వస్తుందంటే, గీత ఆరో అధ్యాయం లోపలికి చూపిస్తుంది. తనకు తానే బంధువు, తనకు తానే శత్రువు అని కృష్ణుడు చెబుతాడు. తనతో తాను ఒక్క గడియ ఊరకే కూర్చోలేనివాడు, పక్కవాడితో కూర్చున్నా జేబులోని ఫోను తడుముకుంటాడు. లోపల సఖుడున్నాడని తెలియకే పండ్లకోసం కొమ్మకొమ్మకూ ఎగురుతాడు. అందుకే ఈ సమస్యకు మందు ఫోను విసిరేయడంలో ఉందని నేను నమ్మను. విసిరేసినా ఆ ఆకలి ఇంకో రూపంలో వస్తుంది. రోజులో కాసేపు ఎవరూ చూడని చోట కూర్చుని, ఆ రెండో పక్షి చూపు కింద ఉండటం అలవాటైతే, తర్వాత మనం ఎవరివైపు చూసినా ఆ చూపే వెళుతుంది.

ఇంకో మాట కూడా ఉంది. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పాక కృష్ణుడు అర్జునుడితో, అంతా ఆలోచించుకుని నీ ఇష్టమొచ్చినట్టు చేయమంటాడు. సర్వజ్ఞుడు ఆ మాట అన్నాడు. అర్జునుడి మనసు ఎటు మొగ్గుతుందో తెలిసీ, నిర్ణయం అతనికే వదిలాడు. మన తెర మీద ఏది ముందు రావాలో ఏరే అల్గారిదమ్ కూడా మన ఇష్టాలు తెలుసుకుంటుంది, కానీ ఆ తెలివిని మనల్ని ఆపి ఉంచడానికి వాడుతుంది. నీ ఇష్టం అని వదిలిపెట్టదు. సఖుడికీ దానికీ ఉన్న దూరం అదే. మన పిల్లలతో, మిత్రులతో మనం దేనిలా ఉంటున్నామో ప్రతి ఇంట్లోనూ వేసుకోవలసిన ప్రశ్న.

నాకు తెలిసిన ఒక పారాయణ బృందం ఈమధ్య ఒక ఏర్పాటు చేసుకుంది. సభ్యుల్లో బయటికి రాలేని పెద్దవాళ్లు ఏ ఊళ్లో ఉంటే, ఆ ఊళ్లో ఉన్న మిగతా సభ్యులు నెలకొకసారి వంతులవారీగా వాళ్లింటికి వెళ్తారు. సహస్రనామం కలిసి గొంతెత్తి చదువుతారు. చదివాక మందుల సంగతి, కళ్లజోడు సంగతి, కొడుకు ఫోను చేశాడా లేదా అన్న సంగతి మాట్లాడుకుంటారు. విదేశాల్లో ఉన్న సభ్యులు వంతుకు రాలేరు గనుక, వెళ్లినవాళ్లకు ఫోను చేసి ఆ పెద్దవాళ్లు ఎలా ఉన్నారో వివరంగా అడుగుతారు. ఎవరి నెల ఎవరిదో చెప్పే పట్టిక అదే వాట్సాప్ గ్రూపులో, రోజూ వచ్చే సుప్రభాతాలకు పైన, పిన్ చేసి ఉంటుంది.